వెనకాల వచ్చే కారు

ఆయన్ని ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ కూడా "ఓనరు" అనే పిలుస్తారు. అది గౌరవంతో వచ్చిన పేరు కాదు. పదకొండేళ్ళ కిందట పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, కొత్త బండ్లను యార్డు నుంచి నడుపుకెళ్ళి కొన్నవాళ్ళకు అప్పగించే పని పట్టాడు. మొదటిరోజు ఆఫీసు గుమస్తా "మీరు మా ఉద్యోగి కాదు సార్, స్వతంత్ర కాంట్రాక్టరు. మీకు మీరే ఓనరు" అన్నాడు. ఆ మాట ఆయన తలకెక్కింది. ఇంటికొచ్చి బావమరిది ముందు రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనే అవసరం రాలేదు, బావమరిది ఊరంతా అనేశాడు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. జ్వరమొచ్చినా సెలవివ్వడు, పండగొచ్చినా చిల్లిగవ్వ విదల్చడు, "మా ఓనరంత పిసినారిని నేనెక్కడా చూడలేదు" అని ఆయనే అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తిట్టుకునేవాడు. ఇప్పటికి రెండువేల పైచిలుకు బండ్లు నడిపాడు. అంబులెన్సులు, ఫైరింజన్లు, బడి బస్సులు. అన్నీ కొత్తవే, ఒక్కటీ తనది కాదు. సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయకూడదు. రేడియో పెట్టకూడదు. ఎండాకాలంలో ఆ ప్లాస్టిక్ మీద నాలుగు గంటలు కూర్చుని దిగాక, వెనకనుంచి తన ప్యాంటు ఎలా కనిపిస్తుందో తలుచుకోవడం ఆయన ఎప్పుడో మానేశాడు. బండి అప్పగించి, కాగితం మీద సంతకం తీసుకుని, తాత్కాలిక నంబరు ప్లేట్లు రెండూ విప్పి చంకలో పెట్టుకుని బస్సు స్టాపుకి నడిచేవాడు. చంకలో నంబరు ప్లేట్లతో నడిచేవాణ్ణి లోకం దొంగ కిందే లెక్కేస్తుంది. పోలీసులు కూడా రెండుసార్లు లోకంతో ఏకీభవించారు.

తిరుగు ప్రయాణం ఖర్చు ఓనరుదే. పైగా బస్సులు మారి ఇల్లు చేరేసరికి రోజు అయిపోతుంది. దీన్ని ఆయన పదకొండేళ్ళపాటు తలరాత అనుకున్నాడు. ఆయన భార్య మాత్రం ఒక్క సాయంత్రమే ఆలోచించింది.

"నేను కారులో మీ వెనకాలే వస్తాను. మీరు బండి అప్పగించగానే ఎక్కించుకుని వచ్చేస్తాను. అప్పుడు రోజుకి రెండు బండ్లు పట్టొచ్చు కదండీ" అంది.

"మనకి కారెక్కడిది?" అన్నాడాయన, వాదన అక్కడితో ముగిసిందనుకుని.

పంతొమ్మిదేళ్ళు బట్టలు కుట్టి దాచుకున్న డబ్బుతో ఆమె పాత నీలం కారొకటి కొనేసింది. కుట్టు దుకాణంలో పని మానేసింది. నడపడం ఆయనే నేర్పాడు. ఆ మూడు వారాలూ ఆయన పెట్టిన కేకలకి ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఆమె మాత్రం అన్నీ విని, లైసెన్సు పరీక్ష ఒక్కసారికే గట్టెక్కింది. ఆయన మూడోసారికి గట్టెక్కాడు. ఆ సంగతి ఆమెకు బావమరిది చెప్పాడు.

ఆయనకు ఈ ఏర్పాటు ససేమిరా ఇష్టం లేదు. అడిగినవాళ్ళకి రోడ్లు మంచివి కావనేవాడు. అసలు సంగతేమిటంటే, ఇంట్లో ఇద్దరు డ్రైవర్లయితే ఓనరు ఎవరన్న ప్రశ్న వస్తుంది. చివరికి ఒక షరతు పెట్టాడు.

"ఒక్క ట్రిప్పు చూద్దాం. ఏ తేడా వచ్చినా కారు అమ్మేద్దాం. నువ్వు మళ్ళీ దుకాణానికి వెళ్ళిపో."

దుకాణంలో ఆమె మిషను దగ్గర అప్పటికే ఇంకొకామె కూర్చుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె సరేనంది.

ఆ ఒక్క ట్రిప్పుకీ వచ్చిన బండి చెత్త ఎత్తే లారీ. కొత్తది, ఆకుపచ్చగా తళతళలాడుతోంది. పొద్దున్నే ఆయన దాని చుట్టూ తిరిగి, ఎక్కడా గీత లేదని కాగితం మీద రాసుకుని బయల్దేరాడు. దారి పొడుగునా రోడ్డుకంటే అద్దంలోకే ఎక్కువ చూశాడు. ఎక్కడైనా దారి తప్పుతుందేమో, ఎక్కడైనా ఇంజను ఆగిపోతుందేమో. ఆమె తప్పాలని ఆయన కోరుకున్నాడని అనలేం, తప్పకూడదని మాత్రం కోరుకోలేదు. నీలం కారు సూది వెనక దారంలా వస్తూనే ఉంది.

డిపో దగ్గర గేటుమనిషి కారును లోపలికి రానివ్వలేదు. "పక్క సందులో నీడ ఉంది, అక్కడుండు" అని ఓనరే ఆమెకు చెప్పి లోపలికి వెళ్ళాడు. సూపర్‌వైజరు లారీ చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి చూసి, సంతకం పెట్టాడు. ఒక్క గీత లేదు. ఆయన ప్లేట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు, నీళ్ళు తాగాడు, వెనక గేటు నుంచి బయటికి నడిచి, స్టాపులో కదలబోతున్న బస్సు ఎక్కేశాడు.

టిక్కెట్టు కొన్నాడు. సీటు దొరికింది. ఇవాళ సీటు కూడా దొరికిందని సంతోషించాడు.

పావుగంట గడిచాక బస్సు వెనక హారను మొదలైంది. ఆగి ఆగి మోగుతోంది. లైట్లు కూడా వేసి ఆర్పుతున్నారని ఎవరో అన్నారు. ఓనరులోని డ్రైవరు మేలుకున్నాడు. కిటికీ పక్కన కూరగాయల సంచీతో కూర్చున్న పెద్దాయన వైపు తిరిగాడు.

"చూశారా, బస్సు వెనక ఎంత దూరం ఉంచాలో తెలీదు, ఎప్పుడు హారను కొట్టాలో తెలీదు. ఇలాంటివాళ్ళకి నడపడం నేర్పినవాణ్ణి అనాలండీ ముందు."

పెద్దాయన కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఎవరో ఆడమనిషి బాబూ. నీలం కారు. అద్దం మీద కాగితం అంటించుంది. 'కొత్త డ్రైవరు, దూరంగా ఉండండి' అని రాశారు."

ఆ కాగితం పొద్దున ఓనరే తన చేత్తో రాసి అంటించాడు. వద్దని ఆమె ఎంత చెప్పినా వినలేదు.

మొహాన కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు. జేబు తడుముకున్నాడు. ఫోను కారులోనే ఉంది, కొత్త బండిలో చార్జింగు పెట్టకూడదని పొద్దున తనే ఆమెకిచ్చాడు. లేచి కండక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆపాలి బాబూ. వెనక మా ఆవిడ."

"గొడవపడి వచ్చేశారా సార్?"

"లేదు. మర్చిపోయాను."

బస్సంతా నవ్వింది. తర్వాతి స్టాపు దాకా ఆపలేదు కాబట్టి, తీరుబడిగా నవ్వింది.

దిగి, ప్లేట్లు పట్టుకుని కారు దాకా నడిచి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"సంతకం తీసుకున్నారా?"

"తీసుకున్నాను."

"ప్లేట్లు?"

చూపించాడు.

"అయితే నన్నొక్కదాన్నే మర్చిపోయారన్నమాట. మీరు ఎక్కడం చూసి సందు చివరి దాకా పరుగెత్తాను. వినిపించలేదు." ఆమె చేతులు ఇంకా స్టీరింగును గట్టిగా పట్టుకునే ఉన్నాయి. "తేడా వస్తే కారు అమ్మేద్దామన్నారు. వచ్చింది. చెప్పండి."

తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది. ఆమె బెదిరించడం లేదు, నిజంగానే అడుగుతోంది. అది తెలిసి ఆయనకు సిగ్గేసింది, భయం కూడా వేసింది.

"తేడా కారుది కాదు, నాది. నన్ను అమ్మితే ఎవరూ కొనరు."

ఆమె నవ్వలేదు. ఆయన ఒళ్ళో ఉన్న ప్లేట్ల వైపు చూసింది. "పదకొండేళ్ళూ ఇలాగే వచ్చారా? ఇవి చంకలో పెట్టుకుని, అంత దూరం, ఒక్కరూ?"

ఏదైనా హాస్యమాడదామని వెతికాడు. దొరకలేదు.

"ఇలాగే" అన్నాడు.

ఆమె ఆ ప్లేట్లు తీసుకుని వెనక సీట్లో పెట్టింది. అద్దం మీది కాగితాన్ని పీకి ఉండచుట్టి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత కారు స్టార్టు చేసింది.

"రేపటి బండి ఎన్నింటికి?"

"ఏడింటికి ఒకటుంది. మధ్యాహ్నానికి ఇంకోటి దొరుకుతుందేమో అడుగుతాను" అన్నాడు ఓనరు.