పదకొండుకు వస్తానన్న మాట

పెనుకొండలో ముగింపు గీత దగ్గరికి నేను చేరేసరికి ఆ గీతే సరిగా లేదు. రోడ్డుకు అడ్డంగా పోసిన ముగ్గుపొడిని అప్పటికే ఆటోలూ ఒక ఆర్టీసీ బస్సూ తొక్కుకుంటూ పోయాయి. బహుమతులు ఇవ్వడం అయిపోయింది. షామియానా దించి మడత పెడుతున్నారు. కుర్చీలు లారీలోకి ఎక్కిస్తున్నవాళ్లు ఒక్క కుర్చీని మాత్రం వదిలేశారు. దాని మీద నా భార్య కూర్చుని ఉంది, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని.

గీత దాటి ఆమె ముందు నిలబడ్డాను. మాట్లాడే ఊపిరి లేదు. ఆమె లేవలేదు. చేతి గడియారం నా వైపు తిప్పి చూపించింది.

"పన్నెండయింది బావా. నువ్వు చెప్పింది పదకొండు."

"ఆడ లేటుగా మొదలుపెట్టినారు," అన్నాను, మోకాళ్ల మీద చేతులు ఆనించి.

"పెండ్లయినప్పట్నుంచి ఇదే మాట చెప్తాండావు. కూర్చో. నీళ్లు తాగు."

ఆమె నా మేనమామ కూతురు. ధర్మవరం పిల్ల. తొంభైల్లో మాకు పెళ్లయినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. వార్తలు రాసిన కాగితాలను కవరులో పెట్టి, అనంతపురం పోయే బస్సు డ్రైవరు చేతికిస్తేనే ఆ రోజుకు పని అయినట్టు. బస్సు ఎప్పుడొస్తే అప్పుడు ఇంటికి. ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లేవాణ్ణి. మొదట్లో ఎన్నింటికి వస్తావని అడిగేది. కొన్నేళ్లకు అడగడం మానేసి, అన్నం గిన్నె మీద పళ్లెం బోర్లించి పడుకునేది. నేను చెప్పే టైముకు మా ఇంట్లో విలువ అలా పోయింది.

తర్వాతి దశకంలో పత్రిక నన్ను హిందూపురానికి మార్చింది. అక్కడికి వెళ్లాక రక్తపోటు బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, ఒళ్లు కదిలించమన్నాడు. పాత నల్ల సైకిలును బాగు చేయించుకున్నాను. రెవెన్యూ డివిజన్ ఆఫీసు, కోర్టు పెనుకొండలోనే ఉండటం వల్ల వారంలో రెండు మూడు రోజులు ఎలాగూ వెళ్లాలి. పొద్దున్నే సైకిలు మీద వెళ్లడం, పని చూసుకుని మధ్యాహ్నానికల్లా వార్త పంపాలి గనుక సైకిలును బస్సు పైకెక్కించి తిరిగి రావడం అలవాటయింది. వ్యాయామమూ ఉద్యోగమూ ఒకే ఖర్చులో జరిగిపోతున్నాయని సంతోషించేవాణ్ణి. ఒకరోజు హిందూపురం బస్టాండులో దిగుతూ కళ్లు తిరిగి అరుగు మీద కూలబడ్డాను. ఆ సంగతి నాకంటే ముందు ఇంటికి చేరింది.

అదే నెలలో ఒక యువజన సంఘం వాళ్లు ట్రయాథ్లాన్ అని ప్రకటించారు. మా వైపు అలాంటిది జరగడం అదే మొదలు. బుక్కపట్నం చెరువులో ఈత, అక్కణ్ణుంచి పెనుకొండకు సైకిలు, పెనుకొండలో కొండ కింద పరుగు. ఆ వార్త నేనే రాశాను. రాసి, నా పేరు కూడా ఇచ్చి వచ్చాను.

"మూడూ ఒగటే దినమా?" అని అడిగింది నా భార్య.

"ఒకదాని వెనక ఒకటి."

"మొన్న బస్టాండులో కూలబడినోడివి నువ్వే గదా?"

"అది ఎండ."

"ఎండ అందరికీ ఉండాది. నీ ఒళ్లు నీకు తెలీదు బావా."

"నా ఒళ్లు నాకు తెలీకుంటే ఇంకెవరికి తెలుస్తాది?"

"అట్లయితే చెప్పు. ఎన్ని గంటలకు ముగిస్తావు? చెప్పిన టైముకు వస్తే నీకు తెలుసని ఒప్పుకుంటా, నీ సైకిలు జోలికి రాను. రాలేదంటే సైకిలు అమ్మేసేది, బస్సులో పొయ్యేది. అంతే."

అంతకుముందు పందేనికి పేరిచ్చింది సరదాకు. ఆ మాటతో సరదా పోయింది. పొద్దున సైకిలు తొక్కే ఆ కాసేపే నాకు రోజులో ఎవరూ ఫోను చేయని సమయం. అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. అందుకని టైము జాగ్రత్తగా చెప్పాలనుకున్నాను. గెలవాలని కాదు, చెప్పిన టైముకు చేరాలని.

ఈత నేను నేర్చుకున్నది మా నాయన వాళ్ల ఊరి బావిలో, నడుముకు బెండ్లు కట్టుకుని. హిందూపురం దగ్గర ఒక తోటలో అలాంటి బావే ఉంటే, యజమానిని అడిగి కొన్ని ఉదయాలు ఈదాను. చెరువులో ఈదాల్సిన దూరానికి బావి చుట్టూ ఎన్ని చుట్లు అవుతాయో చూసుకుని, దానికెంత పడుతుందో లెక్కగట్టాను. పరుగు సాయంత్రం చల్లబడ్డాక కాలేజీ మైదానంలో చూసుకున్నాను. సైకిలు సంగతి కొత్తగా చూసుకోవాల్సిన పని లేదు. హిందూపురం నుంచి పెనుకొండకు గంటన్నర. బుక్కపట్నం నుంచి పెనుకొండకు దూరం అంతకంటే తక్కువే గానీ ఎక్కువ కాదు.

గొలుసుకు నూనె వేయించడానికి వెళ్తే సైకిలు షాపతను కూడా అడిగాడు.

"ఏమప్పా, పందెమంట? పెనుకొండకి ఎంతసేపట్లో పోతాండావు?"

"గంటన్నర."

"గంటన్నరా! పెండ్లికొడుకు ఊరేగింపు మాదిరి పోతాండావా? నేను గంటంబావుకే ఆడ టీ తాగతా."

పక్కనే ట్యూబు పంచరు వేయించుకుంటున్న పాలాయన, తానైతే క్యాన్లు కట్టుకుని కూడా అంతలోపే పోతానన్నాడు. వాళ్ల మాటతో నా ధైర్యం పెరిగింది. మూడూ కూడితే రెండున్నర గంటలు వచ్చింది. అలసటకని ఇంకో అరగంట చేర్చాను. పోటీ ఎనిమిదికి మొదలు. పదకొండుకు వస్తానని నా భార్యకు చెప్పాను.

"పదకొండు. ఖాయమా?"

"ఖాయం."

"అన్నం అదే టైముకు తెస్తా. చల్లారితే నాది పూచీ కాదు."

ముందురోజు ధర్మవరంలో అత్తగారింట్లో ఉన్నాం. పొద్దున నేను సైకిలు బస్సు మీదేసుకుని బుక్కపట్నం పోయాను. ఆమె రైల్లో పెనుకొండకు బయల్దేరింది.

ముందటేడు వానలు బాగా పడి ఆషాఢం వచ్చినా చెరువులో నీళ్లున్నాయి. కట్ట మీద మైకు, నీళ్లలో రెండు చేపలవాళ్ల పుట్టీలు. లేనిది ముఖ్య అతిథి ఒక్కడే. ఆయన కోసం బనియన్లతో, నిక్కర్లతో గాలికి నిలబడ్డాం. ఎనిమిది దాటి చాలాసేపటికి జీపు వచ్చింది. ఆయన దిగగానే జెండా ఊపాడు. మేం నీళ్లలోకి దూకాం. వెంటనే వెనక నుంచి విజిల్.

"ఆగండ్రబ్బా! అది ఫొటోకు! ఇంగా ఉపన్యాసం ఉండాది!"

ఫొటోగ్రాఫర్లు ఎండ ఎక్కకముందే బొమ్మ తీసుకుని వెళ్లిపోవాలి. అందుకని ముందు జెండా, తర్వాత ప్రసంగం. మా వృత్తిలో అది మామూలే. నేనే ఎన్నో సభల్లో అలా జరిపించాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ప్రసంగం విన్నాం. క్రీడల వల్ల దేహదారుఢ్యం కలుగుతుందని ఆయన చెబుతున్నంతసేపూ నా పక్క మనిషి పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. చివరికి రెండో జెండా ఊపారు.

బావిలో నాలుగు బారలు వేస్తే గోడ వస్తుంది. కాలితో తన్నుకుంటే సగం దూరం ఊరికే పోతాం. చెరువులో గోడ లేదు. ఈ సంగతి చెరువు మధ్యకు పోయాక గాని నాకు తట్టలేదు. పుట్టిలోని మనిషి కాసేపు నా పక్కనే తెడ్డు వేశాడు.

"ఏమన్నా, పట్టుకుంటావా? ఎవరూ సూడల్యా."

వద్దన్నాను. ఆ మాట సగమే బయటికొచ్చింది. మిగతా సగం నీళ్లతో లోపలికి పోయింది.

ఒడ్డుకు వచ్చి సైకిలెక్కేసరికి భుజాలు నావి కావు. కొత్తచెరువు దాటాక గాలి ఎదురైంది. ఆషాఢంలో మా వైపు గాలి పడమటి నుంచి వీస్తుంది, నైరుతి నుంచి వీస్తుంది, ఎప్పుడూ ఆగదు. దున్నిన వేరుశనగ చేలల్లో ఎర్రమన్ను లేచి కళ్లలో పడుతోంది. పెడళ్ల మీద నిలబడి తొక్కినా కొన్నిచోట్ల సైకిలు నడిచే మనిషి కంటే కాస్త ముందు పోతోంది. అప్పుడు అర్థమైంది. హిందూపురం నుంచి పెనుకొండకు పోతున్నప్పుడు ఆ గాలి నా వీపున ఉంటుంది. తిరుగు ప్రయాణంలో మొహాన కొడుతుంది, బుక్కపట్నం నుంచి పెనుకొండకు వచ్చే దారి కూడా ఆ దిక్కుకే. కానీ తిరుగు ప్రయాణం నేనెప్పుడూ సైకిలు మీద చేయలేదు. నేనే కాదు, ఆ గాలుల కాలంలో మా ఊళ్లో ఎవరూ చేయరు. షాపతను, పాలాయన, అందరం పోయేటప్పుడు తొక్కి, వచ్చేటప్పుడు బస్సు మీదేస్తాం. పెనుకొండకు ఎంతసేపని ఎవర్ని అడిగినా పోయే టైమే చెబుతారు, గాలి లెక్కలోకి రాదు. నేను ఆ గంటన్నరను నా కాళ్ల బలం అనుకుని భార్యకు మాటిచ్చాను.

వెనక నుంచి ఒక బస్సు వచ్చి దాటింది. పైన రెండు సైకిళ్లు కట్టి ఉన్నాయి. కిటికీలోంచి ఒకతను తల బయటపెట్టి అరిచాడు.

"ఎక్కప్పా, పైన ఇంగా జాగా ఉండాది!"

బస్సంతా నవ్వింది. నాకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి.

పెనుకొండలో పరుగు అని చెప్పుకోవాల్సిందేమీ లేదు. కొంత పరిగెత్తాను, ఎక్కువ నడిచాను. టీ అంగడి దగ్గర ఒక ముసలాయన తన స్టూలు చూపించి, "కూర్చోని పో నాయనా, యాడికీ పోదు నీ గీత," అన్నాడు. కూర్చుంటే లేవలేనని తెలిసి కూర్చోలేదు.

నేను నీళ్లు తాగుతుండగా స్టాప్‌వాచ్ మెడలో వేసుకున్న వ్యాయామ ఉపాధ్యాయుడు సంచి సర్దుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"మీరొస్తారని గడియారం ఆపకుండా పెట్టినా సార్. మూడున్నర గంటలు."

"ఏ జెండాకు నొక్కినారు?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. "మొదటిదానికి నొక్కినా సార్. ఫొటోకని తెలిసినాక మళ్లీ ఆపి సున్నా చేసినట్టు ఉండాది. చేసినానో లేదో. ఆడ గలాటాలో..."

"మొదటిదానికే అయితే ఉపన్యాసం తీసెయ్యాల," అన్నాను నా భార్యతో. "అప్పుడు మూడు గంటలే అవుతాది. నేను చెప్పింది మూడు గంటలే."

"ఎంతసేపు మాట్లాడినాడు ఆయప్ప?"

"అరగంట ఉంటాది."

"నీ అరగంటనా, గడియారం అరగంటనా?"

ఉపాధ్యాయుడు నవ్వు ఆపుకుంటూ లారీ వైపు వెళ్లిపోయాడు. మేం ఆ ఒక్క కుర్చీనీ ఇచ్చేసి, మూసిన అంగడి మెట్ల మీద కూర్చుని చల్లారిన అన్నం తిన్నాం. ముద్ద కలపడానికి వేళ్లు వంగకపోతే ఆమే కలిపి పెట్టింది. ఎందుకింత ఆలస్యమైందో గాలి గురించి చెప్పాను. చివరిదాకా విని, "అయితే నీ ఒళ్లు నీకు తెలీదనే గదా?" అంది. ఆమె గొంతులో గెలిచిన సంతోషం లేదు. తెల్లారుజామునే లేచి వండి, రైలెక్కి వచ్చి, గంటసేపు నా కోసం రోడ్డు చూసిన మనిషి గొంతు అది.

మర్నాడు ముఖ్య అతిథి ప్రసంగం అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆయన ఏమన్నాడో అందరూ రాశారు, ఎంతసేపు మాట్లాడాడో ఎవరూ రాయలేదు. సైకిలు అమ్మలేదు. అమ్మనక్కర్లేదని కూడా ఆమె అనలేదు. రెండు జెండాల మధ్య ఎంతసేపు గడిచిందన్నది ఇప్పటికీ మా ఇంట్లో తేలని విషయం.