జిల్లేడు పాలు

నర్సరీలో సీతాకోకచిలుకల కోసమని జిల్లేడు మొక్కలు అమ్ముతున్నారు. ఆకు తుంచగానే వేళ్లకు అంటిన పాల వాసన నన్ను జూబ్లీహిల్స్‌లోని మా పాత ఇంటికి లాక్కెళ్లింది.

అక్కడ పెరట్లో బండల పక్కన మొలిచిన జిల్లేడును ఎవరూ పీకకుండా కాపాడింది మా తోటమాలి యాదయ్యే. దాని ఆకుల మీద చారల పురుగులు పాకేవి. "ముట్టకు బిడ్డా, గివే రేపు సీతాకోకచిలుకలైతయి. జిల్లేడు లేకుంటే గవి బతకయి" అనేవాడు. రోజూ వాటిని చూశాకే స్కూలుకు వెళ్లేదాన్ని.

నేను మూడో తరగతిలో ఉండగా ఇంటిని సినిమా షూటింగ్‌కు ఇచ్చారు. ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి జిల్లేడు లేదు. ఆ చోట అద్దెకు తెచ్చిన క్రోటన్ కుండీలు వరసగా నిలబడి ఉన్నాయి.

"యాదయ్య పిచ్చిమొక్క అనుకుని పీకేశాడు తల్లీ" అన్నారు నాన్న.

పక్కనే ఉన్న యాదయ్య తల దించుకున్నాడు. మర్నాడు అతను తెచ్చిన సీతాఫలాన్ని విసిరికొట్టాను. మళ్లీ అతనితో మాట్లాడలేదు.

షూటింగ్ వాళ్లు అడిగితే నాన్నే పీకించారని నా పెళ్లయ్యాక అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నాన్న మీద ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

ఆ ఇంట్లో పెద్దవాళ్లలో దాన్ని పిచ్చిమొక్క అననివాడు యాదయ్య ఒక్కడే. అది జిల్లేడు పోయిన రోజే నాకు తెలుసు. అయినా నాన్న మాటే నమ్మాను.