సేఫ్టీ బెల్ట్‌కు వయొలిన్

దయ్యానికి వణికే మీరు, ఊడిన కుట్లకు ఎందుకు వణకరు?

గల్ఫ్‌లోని రాస్ లఫాన్ పారిశ్రామికవాడ నుంచి కార్మికుల క్యాంపులకు వెళ్ళే బస్సులో, పక్కసీటు జగిత్యాల యువకుడు తాను చేసిన ర్యాప్ బీట్ వినిపించాడు. డ్రమ్ముల కింద వయొలిన్లు రేకును గోళ్ళతో గీకినట్టు అరిచాయి. దయ్యాలను నమ్మని నాకూ ఒళ్ళు జలదరించింది.

"దయ్యం పాటా తమ్ముడూ?"

"సేఫ్టీ బెల్ట్ పాటన్నా. పరంజి పైనుంచి పడి సచ్చిన మా రూమోని మంచం మీద ఎవ్వలు పండుకుంటలేరు, దయ్యమైండని. ఆని బెల్ట్ మాత్రం రేపు నేను కట్టుకోవాలె. బెల్ట్ కరాబైందని ఉత్తగ చెప్తే మావోళ్ళు నవ్విన్రు. గీ సప్పుడు ఇంటెనన్న భయపడుతరని."

బ్యాగులోంచి బెల్ట్ తీశాడు. కుట్లు ఊడి ఉన్నాయి.

"రేపు పరంజి ఎక్కొద్దు" అన్నాను. నవ్వి, తన క్యాంపు దగ్గర దిగిపోయాడు. మర్నాడు ఎక్కాడో లేదో నాకు తెలియదు.

గల్ఫ్‌లో మీవాళ్ళుంటే తాయెత్తులు పంపకండి. ఈరోజే ఫోన్ చేసి, బెల్ట్ కుట్లు చూసుకోమనండి. ఊడి ఉంటే ఎక్కవద్దనండి.