కదలని బొమ్మ

రేడియో మావయ్య చేతికి చిక్కిన వస్తువు బతికి బట్టకట్టడం కష్టం. గోడగడియారానికి దీపం, ఫ్యానుకు పాట, ఆఖరికి కాలింగ్ బెల్లుకు దగ్గు కూడా తగిలించిన మనిషి. పేరుకు రేడియోలు బాగుచేసే కొట్టు. వారానికి ఒక రేడియో వస్తే గొప్ప. ఇల్లు గడిచేది నర్సుగా చేసే భార్య జీతంతోనేనని వీధిలో అందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆమె కారుకు ఏదో ఒకటి తన చేత్తో చేసిపెట్టాలని ఆయన పట్టు.

పాత పాటల పెట్టె పీకేసి, అక్కడ అరచేయంత కంప్యూటరు, ఒక టచ్ స్క్రీన్ బిగించాడు. పాటలు, దారి చూపే మ్యాపు, ఫోను, అన్నీ అందులోనే. నంబరు ప్లేటు మీద చిన్న కెమెరా పెట్టాడు. రివర్సు గేరు వేస్తే కారు వెనక ఉన్నదంతా తెర మీదికి వస్తుంది. అయితే మొదట కాసేపు తెర నల్లగా ఉండడం ఆయనకు నచ్చలేదు. కెమెరా మేలుకునేదాకా ఇదివరకటి బొమ్మనే చూపించమని ప్రోగ్రాము మార్చాడు. "ఇక నువ్వు మెడ తిప్పక్కర్లేదు," అన్నాడు భార్యతో. ఆమె నవ్వింది.

ఒక ఉదయం పక్క కొట్టు టైలరుకు ఆ గొప్పే చెబుతూ, బల్ల మీద ఇంకో కెమెరా, ఇంకో తెర కలిపి చూపించాడు. తెర మీద గోడ కనబడింది. మాటల్లో మోచెయ్యి తగిలి కెమెరా వైరు ఊడింది.

"వైరు ఊడినా బొమ్మ వస్తోందే! గట్టి పనే చేశావు మావయ్యా," అన్నాడు టైలరు.

మావయ్య కెమెరా ముందు చెయ్యి ఊపాడు. తెర మీద చెయ్యి లేదు, గోడే ఉంది. కెమెరా ఇక మేలుకోదని తెలియక, తెర పాత బొమ్మనే పట్టుకుని కూర్చుంది. ఇంటి దగ్గర కారు కెమెరా వైరుకైతే టంకం కూడా పెట్టలేదు. తర్వాత చూద్దాంలే అని టేపు చుట్టి వదిలేశాడు. అదీ ఊడి ఉంటే, తెర చూపేది పాత బొమ్మే.

అది భార్య డ్యూటీకి బయల్దేరే వేళ. ఎండ కోసం మావయ్య అత్తగారు స్టూలు వేసుకుని కూర్చునేది సరిగ్గా కారు వెనకే. ఆవిడ చెవి దగ్గర డప్పు కొట్టినా వినబడదు.

మావయ్య వెంటనే భార్యకు ఫోను చేశాడు. ఎంతసేపు మోగినా భార్య ఎత్తలేదు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆమె ఫోను ఎత్తదు. చెప్పులు కొట్లోనే వదిలి పరుగెత్తాడు.

"ఏం మావయ్యా, కొంపలంటుకున్నాయా?" అని ఎవరో అరిచారు. ఆయన ఆగలేదు. ఈ చేతులు విరిగిపోనీ, అత్తయ్యకేం కాకూడదు అని మాత్రం అనుకుంటూ మలుపు తిరిగాడు.

కారు తలుపు బార్లా తెరిచి ఉంది. సీట్లో భార్య లేదు. ఇంజను ఆపి ఉన్నా గేరు రివర్సులోనే ఉండడంతో తెర వెలుగుతోంది, అందులో ఖాళీ వాకిలి. కారు పక్కగా వెనక్కి వెళ్లాడు.

భార్య తల్లిని లేపి, స్టూలు గోడవైపు జరుపుతోంది.

"ఏంటండీ ఆ రొప్పు? చెప్పులేవి?"

"తెర మీద... అత్తయ్య కనబడలేదు కదూ?"

"తెర ఎవరు చూశారు? దిగి చూశాను. రోజూ దిగే చూస్తాను."

"రోజూనా? మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు? ఇంకో కెమెరా పెట్టేవారు."

ఒక్కరోజైనా ఆమె తన పనిని నమ్మాలని ఇన్నాళ్లూ కోరుకున్నాడు. నమ్మి ఉంటే? మావయ్య ఉన్నచోటే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఏం జరిగిందో తెలియని అత్తగారు తన స్టూలు తెచ్చి ఆయన పక్కన వేసింది.

"లే నాయనా, దీని మీద కూర్చో. ఎండ బాగుంది."