ఉప్పులేని ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో తొలి బేరం కుక్కతోనే జరిగేది. మా నాన్నమ్మ భవానీపురంలో మా ఇంటి అరుగు మీదే ఎండుచేపలు అమ్మేది. గోనెపట్టా పరిచి, చేపలు కుప్పలు పోసి, కొనేవాళ్లెవరూ రాకముందే ఒక తలకాయ విరిచి చుక్కకు పెట్టేది. అది తింటేనే ఆ రోజు బోణీ బాగుంటుందని ఆవిడ నమ్మకం. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఆ నల్లకుక్క నేను పుట్టకముందే ఆ ఇంటికి వచ్చింది. నాకు స్నేహితులు తక్కువ. బడి నుంచి వచ్చాక దాని పక్కన కూర్చుని కథల పుస్తకాలు చదువుకునేదాన్ని.

నేను నాలుగో తరగతి పూర్తిచేసిన వేసవిలో చుక్క నీళ్లు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. బెజవాడ ఎండల్లో అది ఎవరికీ వింతగా అనిపించలేదు. ఎంత తాగితే అంత చలవ అని సంతోషించాం కూడా. తర్వాత అది నిద్రలోనే అరుగు తడిపేయసాగింది. తడి తగిలితే చేపలు పాడవుతాయని, పొద్దుగూకగానే నాన్నమ్మ నీళ్ల గిన్నె తీసి లోపల పెట్టేసేది. చుక్క చిక్కిపోయింది. నోటి నుంచి ఘాటైన వాసన వచ్చేది. ఒక ఉదయం బోణీ తలకాయ తిని, కాసేపటికే కక్కేసింది. నాన్నమ్మ పట్టా చుట్టేసి ఆటో పిలిపించింది.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ దాని పెదవి ఎత్తి పాలిపోయిన చిగుళ్లు చూసింది, రక్తం పరీక్ష చేయించింది. కిడ్నీలు చాలావరకు పోయాయని, నయం కాదని, జాగ్రత్తగా చూసుకుంటే కొంతకాలం సుఖంగా ఉంటుందని చెప్పింది.

నాన్నమ్మ ముందుగా అడిగింది నీళ్ల గురించే. "రాత్రిళ్లు గిన్నె తీసేసేదాన్నమ్మా. తప్పు చేశానా?"

"ఒంట్లో నీళ్లు నిలవకే అది అన్ని నీళ్లు తాగుతోంది మామ్మగారూ. ఇకనుంచి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి. ఎండుచేపలు మాత్రం ఆపేయండి."

"వాటివల్లే వచ్చిందా?"

"వయసుతో వచ్చే జబ్బండీ. ఉప్పు వల్లే అని చెప్పలేను. ఇప్పుడు మాత్రం ఆ ఉప్పు తట్టుకోలేదు."

మెత్తటి అన్నంలో గుడ్డు తెల్లసొన కలిపి, ఉప్పు వేయకుండా పెట్టమంది. మర్నాడు చుక్క ఎప్పటిలాగే పట్టా దగ్గరకు వచ్చి కూర్చుంది. నాన్నమ్మ చెయ్యి చేపల దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. గిన్నెలో పెట్టిన అన్నాన్ని చుక్క ముట్టలేదు. ఆవిడ చేతులవైపే చూస్తూ ఉండిపోయింది.

చేపలు కొనడానికి వచ్చిన ఒకావిడ నవ్వింది. "ఏంటి మామ్మా, కుక్కకి పథ్యమా? బీపీ ఉన్న మా ఆయన చేతే చేయించలేకపోతున్నాను."

"మీ ఆయన పక్కింటికెళ్లి తినొస్తాడు. దీనికి నా చెయ్యి తప్ప దిక్కు లేదు," అంది నాన్నమ్మ.

ఆ మధ్యాహ్నం ఆవిడ నేల మీద కూర్చుని, తన కంచంలోనే ఆ చప్పిడి అన్నం కలుపుకుంది. ఒక ముద్ద తాను తిని, ఒక ముద్ద చుక్కకు పెట్టింది. అది తింది. ఎండుచేప లేనిదే ముద్ద దిగని మనిషి ఆ రోజు నుంచి ప్రతిపూటా అలాగే తింది. మీరు కూర వేసుకోండి అత్తయ్యా అని అమ్మ బతిమాలితే, "నా నోట్లో చేప వాసనుంటే దానికి తెలుస్తుందే," అనేది. పట్టా కూడా వీధి చివరకు మార్చుకుంది.

వానలు పడేదాకా చుక్క మాతో ఉంది. ఒక మధ్యాహ్నం నాన్నమ్మ చేతి ముద్దకు కూడా నోరు తెరవలేదు. ఆవిడ బలవంతం చేయలేదు. వేళ్లతో నీళ్లు తీసి దాని పెదవులు తడుపుతూ కూర్చుంది. సాయంత్రానికి అది పోయింది. నాన్న ఏటి ఒడ్డున పాతిపెట్టి వచ్చాడు.

మర్నాడు అమ్మ ఆవిడకు కూర వేసి అన్నం పెట్టింది. నాన్నమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఉప్పు ఎక్కువైందా అని అమ్మ అడిగింది. "సరిగ్గానే ఉంది," అంది నాన్నమ్మ. అప్పుడు ఏడ్చింది.

ప్రేమంటే పెట్టడమే అనుకునే మనిషి, పెట్టకుండా ఉండడం ఎలాగో నేర్చుకోవడం నేను చూశాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరు పథ్యం ఉండాల్సి వచ్చినా, నేనూ అదే వడ్డించుకుని వాళ్ల పక్కన కూర్చుంటాను. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. వాళ్లు తినడం అయ్యేదాకా మాత్రం లేవను.