తల దగ్గర కూర్చునే మనిషి

పక్కింటి అక్క పోయింది. ఈ ఒక్క వాక్యం రాసి, దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చి కరివేపాకు కోసుకెళ్ళిన మనిషి ఆదివారం సాయంత్రానికి లేదు.

నాలుగింటికి బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ అక్క లేవట్లేదు. ఒకసారి రా." చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అప్పటికే అంబులెన్స్ వాళ్ళు లోపల ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. భోజనం చేసి పడుకుందట. "టీ పెట్టి లేపుదామనుకున్నా. వారమంతా చీకటితోనే లేస్తుంది కదా, ఇంకాసేపు పడుకోనిద్దామని ఊరుకున్నా" అని ఆయన వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెబుతున్నారు, తప్పు చేసినవాడిలా.

ఆవిడ వయసు యాభై ఎనిమిది. నిద్రపోయేవాళ్ళ పక్కన కూర్చుని ఊపిరి చూడటమే పదిహేనేళ్ళుగా ఆవిడ ఉద్యోగం. అలాంటి మనిషి నిద్రపోతూ పోయింది, చూసేవాళ్ళు ఎవరూ లేకుండా. దేవుడికి ఈమాత్రం ఇంగితం లేదా అని ఆరోజు పైకే అనేశాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించడం లేదు.

అక్క నర్స్ అనెస్థటిస్ట్. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చి, అది అయ్యేదాకా రోగి తల దగ్గరే ఉండి, మళ్ళీ క్షేమంగా లేపే నర్సు. ఐసీయూలో ఏళ్ళ తరబడి పనిచేసి, నలభై ఏళ్ళ వయసులో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని మళ్ళీ కాలేజీకి వెళ్ళి చదువుకుంది. ఇక్కడ అమెరికాలో, మా అరోరా ఊళ్ళో మనవాళ్ళ విందుల్లో హాస్పిటల్‌లో పని అనగానే "డాక్టరా అండీ?" అని అడుగుతారు. "కాదు, నర్సుని" అంటే "ఓహో" అంటారు. "మనవాళ్ళ ఓహో రెండు రకాలే. డాక్టరైతే పైకి లేస్తుంది, నర్సైతే కిందకి జారుతుంది" అని అక్క నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నాది కూడా జారే ఓహోయేనని రెండేళ్ళ కిందట తెలిసింది.

అప్పుడు మా అమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్. పొద్దున ఎనిమిదింటికి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదన్నారు. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రిటర్ అడిగితే అమ్మ "ఏమీ తినలేదు" అంది. నేను పక్కనే ఉండి తలూపాను. ఇంతలో తెర పక్కకి జరిపి, నీలం టోపీ, మాస్కు పెట్టుకున్న మనిషి వచ్చింది. కళ్ళు చూసి గుర్తుపట్టాను. అక్క!

సంతోషపడాల్సింది పోయి నేనడిగిన మాట ఇది: "అక్కా, మత్తు డాక్టర్‌గారే ఇస్తారు కదా?"

"డాక్టర్‌గారు ఉంటారమ్మా, మూడు నాలుగు రూములు చూసుకుంటారు. పిన్నిగారి దగ్గర్నుంచి కదలకుండా ఉండేది నేను" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "పిన్నిగారూ, ఏమైనా తిన్నారా?"

"లేదమ్మా. ఇవాళ ఏకాదశి కూడాను. ఉపవాసం."

ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్ళు. అక్క మంచం అంచున కూర్చుంది. "మరి పొద్దున్నే దేవుడికి ఏం పెట్టారు?"

"ఏముందమ్మా, గ్లాసుడు పాలు, ఒక అరటిపండు."

"అవెక్కడున్నాయి?"

"నైవేద్యం పారేస్తామా తల్లీ? ఐదింటికి కళ్ళకద్దుకుని తీసుకున్నా. పాలూ పండూ ఉపవాసానికి అడ్డమా?"

అక్క అమ్మ చెయ్యి నిమిరి, బయటికెళ్ళి డాక్టర్‌ని పిలుచుకొచ్చింది. ఆపరేషన్ వారం రోజులు వాయిదా పడింది. కడుపులో పాలు ఉండగా మత్తిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు అని అక్క నాకు నిదానంగా చెప్పింది. నా చెవికెక్కలేదు. ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారం, మేనేజర్‌ని బతిమాలి పెట్టిన లీవు. కౌంటర్ దగ్గరికెళ్ళి ఇంగ్లీషులో గట్టిగా అరిచాను. ఒక అరటిపండు కోసం, ఒక నర్సు మాట మీద, ఆపరేషన్ ఆపేస్తారా అని. వెనక్కి తిరిగితే అక్క ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. "పిన్నిగారిని జాగ్రత్తగా తీసుకెళ్ళు" అని మాత్రం అంది.

వారం తర్వాత జరిగింది అమ్మ చెబితే తెలిసింది. మత్తు ఎక్కించే ముందు అక్క తల దగ్గర కూర్చుని, "గోంగూర పచ్చడి ఎలా చేస్తారు పిన్నిగారూ?" అని అడిగిందట. అమ్మ చెబుతూ చెబుతూ పోపు దాకా వచ్చి నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి అదే గొంతు, "పోపులో ఏం వేశారు పిన్నిగారూ?"

"ఎండుమిర్చి, ఇంగువ" అందట అమ్మ. "హమ్మయ్య, తెలివిలోకొచ్చారు" అని నవ్విందట అక్క.

నేను స్వీట్లూ థాంక్యూ కార్డూ పట్టుకెళ్ళాను. సర్జన్ పేరు రాశాను, మత్తు డాక్టర్‌గారి పేరు కనుక్కుని మరీ రాశాను. అక్క పేరు రాయలేదు. పక్కిల్లే కదా, ఎప్పుడైనా చెప్పుకోవచ్చు అనుకున్నాను. రెండేళ్ళయింది. ఆవిడ ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. హాస్పిటల్ కబుర్లు గరాజ్ తలుపు దాటి లోపలికి తెచ్చేది కాదు. పార్టీల్లో సోఫాల మీద పిల్లలు నిద్రపోతే మాత్రం, చేతిలో ప్లేటుతో ఒక్క క్షణం ఆగి చూసి వెళ్ళేది. "ఏం చూస్తావక్కా?" అంటే, "అందరూ మొహం చూస్తారు. మొహం అబద్ధమాడుతుంది. నేను ఛాతీ చూస్తా" అనేది.

శనివారం కరివేపాకు కోస్తున్నప్పుడైనా చెప్పాల్సింది. తప్పు మాట్లాడాను అక్కా, మా అమ్మని నిలబెట్టావు అని. రెండు ముక్కలు. దానికి బదులు "ఇంకో రెమ్మ తీసుకో" అన్నాను.

చివరిచూపు కోసం ఫ్యూనరల్ హోమ్‌లో అక్కని పట్టుచీర కట్టి పడుకోబెట్టారు. డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టున్నారు, ఆవిడతో పనిచేసేవాళ్ళు ఆపరేషన్ రూము నీలం బట్టల్లోనే వరసగా నిలబడ్డారు. అందరూ పాదాల దగ్గర పూలు పెట్టి కదులుతున్నారు. అమ్మ కదల్లేదు. గోడవారనున్న కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి, అక్క తల దగ్గర వేసుకుని కూర్చుంది. నేను భుజం మీద చెయ్యి వేశాను. "అమ్మా, వెనక జనం ఉన్నారు."

"ఉండనీ. నేను లేచేదాకా ఆ పిల్ల నా తల దగ్గర్నుంచి కదిలిందా?"

వంగి అక్క చెవి దగ్గర ఏదో చెబుతోంది. గోంగూర కడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వేయించడం, రుబ్బడం, అన్నీ వరసగా చెప్పి, పోపు దగ్గర ఆగింది. అమ్మ అక్క మొహం చూడటం లేదు. పట్టుచీర అంచు కింద, ఛాతీ వైపు చూస్తోంది. నేనూ అటే చూస్తూ నిలబడ్డాను.