శనివారం ఫోను

బత్తాయి తొక్క వాసన తగిలితే నాకు పద్మారావు నగర్ గుర్తొస్తుంది. ఈ ఉదయం కోర్టు వరండాలో ఎవరో కాయ ఒలుస్తుంటే, నడుస్తున్నదాన్నల్లా ఆగిపోయాను. మా సీనియర్ లాయరు రత్నకుమారి మేడం శనివారం సాయంత్రాలు అక్కడి తన ఆఫీసులో కూర్చుని బత్తాయిలు ఒలిచేవారు. నేనప్పుడు ఆమె దగ్గర జూనియర్ని. మనిషి కటువు. పొగిడితే విసుక్కునేవారు, క్లయింట్లు ఏడిస్తే గ్లాసుతో మంచినీళ్లు ముందు పెట్టి, ఏడుపు ఆగేదాకా చూస్తూ కూర్చునేవారు.

ఆమెకొక నియమం ఉండేది. విడిపోయిన దంపతుల్లో ఎవరైనా బిడ్డను విదేశం నుంచి తెచ్చేసుకుని తన దగ్గరికొస్తే, ఆ బిడ్డ ప్రతి శనివారం అవతలి వాళ్లతో తన ఆఫీసులోనే వీడియో కాల్ మాట్లాడాలి. కాదంటే కేసు పట్టరు.

ఏ.ఎస్. రావు నగర్ నుంచి స్వప్న అలాంటి కేసుతోనే వచ్చింది. ఆస్ట్రేలియాలో భర్తతో విడిపోయి, ఆరేళ్ల మిన్నీని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. పాపను వెనక్కి పంపాలని భర్త కిరణ్ ఇక్కడి కోర్టుకెక్కాడు. పాప ఎక్కడ చేజారుతుందోనని ఆమెకు కంటిమీద కునుకు లేదు. అలాంటి మనిషికి ఈ నియమం వినగానే ఒళ్లు మండింది.

“మేడం, మీరు నా వకీలా, ఆయన వకీలా?”

“నీ వకీల్‌నే. గని పిల్ల ఇద్దరిది గదమ్మా. జెర ఓపిక పట్టు.”

మొదటి శనివారం మిన్నీ నోరు విప్పలేదు. మేడం ఇచ్చిన బత్తాయి తొనలు ఒక్కొక్కటే ఫోనుకు చూపించి తిన్నది, అంతే. కొన్ని వారాలకు మా ఊరి మాట పూర్తిగా పట్టేసింది. “డాడీ, ఏం తింటున్నవ్? జెర నాకు సుత చూపియ్!” అని గదమాయిస్తే కిరణ్ పడీ పడీ నవ్వాడు. గోడవైపు తిరిగి కూర్చున్న స్వప్నకూ నవ్వొచ్చింది, వెంటనే మొహం ముడుచుకుంది.

కేసు ఓడిపోయాం. పాపతోపాటు స్వప్న కూడా ఆస్ట్రేలియా వెళ్లింది కానీ, ఆమెది భర్త మీద ఆధారపడిన వీసా. విడాకులయ్యాక అక్కడ ఉండే దారి లేక, పాపను తండ్రి దగ్గర వదిలి ఒంటరిగా తిరిగొచ్చింది. నాకు మేడం మీద కోపం వచ్చింది. ఆ ఫోన్లు పెట్టించి మనకేం ఒరిగిందని అడిగేశాను.

“కేసు గెలిచినా పిల్లకు నాయిన కావాలె. ఓడినా అమ్మ కావాలె,” అన్నారు, ఫైలులోంచి తలెత్తకుండా.

తిరిగొచ్చాక మొదటి శనివారం స్వప్న ఆఫీసుకు వచ్చి పాత కుర్చీలోనే కూర్చుంది. కిరణ్ ఫోను చేస్తాడని నేననుకోలేదు. సరిగ్గా ఆ వేళకే ఫోను మోగింది. అతను ఫోను పాప చేతికిచ్చాడు. మిన్నీ ఒళ్లో సగం ఒలిచిన నారింజ ఉంది.

“అమ్మా, నీ తొనలు సుత నేనే తింటున్న.”

స్వప్న భోరుమంది. మేడం గ్లాసు ముందు పెట్టారు కానీ కూర్చోలేకపోయారు. లేచి బయటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆమె లేరు. ఆఫీసు నేను చూసుకుంటున్నాను. నియమం అదే. నిన్న కూడా ఒకాయన అది విని, కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. శనివారం పొద్దున్నే బత్తాయిలు మాత్రం కొంటాను, ఎందుకంటే మిన్నీతో మాట్లాడటానికి స్వప్న ఇప్పటికీ వస్తుంది. ఇంటి నుంచే మాట్లాడుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

“నా ఎనక ఈ గోడ కనవడకుంటే మిన్నీ పరేషాన్ అయితది మేడం,” అంది.